మాంసం, పాలు, గుడ్లకు బదులు ఏం వాడాలి? వంటకి వేరు, ఒంటికి వేరు

మీరు అడిగింది ఇదీ: ఇంట్లో మాంసం, పాలు, గుడ్లు మెల్లగా తగ్గించాలనుకుంటున్నారు. షాపులో ఎటు చూసినా ప్యాకెట్లే, ఏది దేనికి బదులో అర్థం కావడం లేదు. బాదం పాలు కాఫీలో పోస్తే విరిగిపోయాయి. గుడ్డు లేకుండా చేసిన కేక్ పొడిపొడిగా రాలిపోయింది. ఎదిగే వయసులో ఉన్న బాబుకి ప్రోటీన్ చాలుతుందా అని టెన్షన్. ఒకేసారి మానేయాలా, ఒక్కోటిగా మానాలా అని కూడా అడిగారు.

నేను డైటీషియన్ని కాను. మా అమ్మాయికి పాల ఎలర్జీ ఉందని డాక్టర్ తేల్చాక మా ఇంట్లో పాలు బంద్ అయ్యాయి. కొన్నేళ్ళకి నేనూ మావారూ మాంసం మానేశాం, గుడ్లు అన్నిటికంటే ఆఖరున. కాబట్టి వీటికి బదులు వెతుక్కోవడం, ప్యాకెట్ వెనకాల చిన్న అక్షరాలు చదవడం నాకు రోజువారీ పనే.

ఒక పదార్థం మానేస్తే రెండు చోట్ల ఖాళీ వస్తుంది. ఒకటి వంటలో, రెండోది పోషణలో. ఆ రెండిటినీ ఒకే ప్యాకెట్ నింపేస్తుందని ఆశించడం దగ్గరే చాలామంది చిక్కుకుంటారు. లేత పనసకాయ ముక్క నమిలితే మాంసంలానే పీచుపీచుగా ఉంటుంది, కానీ 100 గ్రాములకి ప్రోటీన్ 2 గ్రాములు అటూ ఇటూ. ఉడికిన పప్పులో ప్రోటీన్ బాగానే ఉంటుంది, మాంసంలా మాత్రం ఏ కోశానా ఉండదు. అందుకే ఏదైనా కొనేముందు నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇది వంట కోసమా, ఒంటి కోసమా? వంట కోసమైతే రుచి, చిక్కదనం చూస్తాను. ఒంటి కోసమైతే ప్యాకెట్ వెనక్కి తిప్పుతాను.

ముందు పాల సంగతి, ఎందుకంటే మీ బాబు విషయం ఇందులోనే ఉంది. ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల ఆవు పాలలో సుమారు 7 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. సోయా పాలలో 6 నుంచి 7. ఓట్స్ పాలలో 2 గ్రాముల దరిదాపుల్లో, బాదం పాలలో ఒక గ్రాము, బియ్యం పాలలో అంతకంటే తక్కువ. డబ్బా మీద బాదం గింజల బొమ్మ ఎంత పెద్దగా ఉన్నా లోపల ఎక్కువ భాగం నీళ్ళే. బాదం తినాలనిపిస్తే గింజలే తినండి, పాలు తాగి బాదం తిన్నామనుకోవద్దు. పోషణలో ఆవు పాలకి దగ్గరగా వచ్చేవి సోయా పాలు, కొన్ని కంపెనీలు బఠాణీ ప్రోటీన్‌తో చేసే పాలు. 2020-2025 అమెరికా ఆహార మార్గదర్శకాల్లో కూడా మొక్కల పాలలో పాల వర్గం కింద చేర్చింది పోషకాలు కలిపిన సోయా పాలనే.

ఆ ‘పోషకాలు కలిపిన’ అన్న మాట ముఖ్యం. సోయా పాలలో ప్రోటీన్ సహజంగానే ఉంటుంది, కాల్షియం మాత్రం ఆవు పాలంత ఉండదు, ఫ్యాక్టరీలో కలపాల్సిందే. కలిపినవైతే 100 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాముల దగ్గర అంకె కనిపిస్తుంది, అది ఆవు పాలతో సమానం. ఆర్గానిక్ అని రాసి ఉన్న డబ్బాల్లో చాలాసార్లు ఏమీ కలపరు, కాబట్టి వెనకాల చదవకుండా తీసుకోవద్దు. ఇంట్లో చేసుకునే గింజల పాలకీ ఇదే వర్తిస్తుంది. రుచికి అవి బ్రహ్మాండంగా ఉంటాయి, కాల్షియం కోసం వాటిని నమ్ముకోలేం. ఇంకో చిన్న విషయం, కలిపిన కాల్షియం అడుగుకి దిగిపోతుంది. పోసుకునే ముందు డబ్బా గట్టిగా ఊపకపోతే మీరు కొన్న కాల్షియం చెత్తబుట్టలోకి పోతుంది.

బాబుకి ఏడాది దాటిందని మీ మాటల్లోనే తెలుస్తోంది కానీ ఇది చదివే మిగతావాళ్ళ కోసం చెబుతున్నా. ఏడాది లోపు పసివాళ్ళకి తల్లిపాలకో ఫార్ములాకో బదులుగా ఈ మొక్కల పాలు ఏవీ పనికిరావు. సోయాతో చేసే శిశు ఫార్ములా వేరే వస్తువు, అదీ డాక్టర్ చెబితేనే. బియ్యం పాలలో ఆర్సెనిక్ ఉండే అవకాశం ఉండడంతో ఐదేళ్ళ లోపు పిల్లలకి ఇవ్వొద్దని బ్రిటన్ ఆరోగ్య విభాగం చెబుతుంది.

ఇక కాఫీ. కాఫీలో ఆమ్లం ఉంటుంది, పైగా వేడి. ఆ రెండూ కలిసి మొక్కల పాలలోని ప్రోటీన్‌ని ముద్దలు కట్టిస్తాయి. సోయా, బాదం రెండిటికీ ఈ గొడవ ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలని మరిగే కాఫీలో పోస్తే తేలిగ్గా విరుగుతాయి. పాలు ముందు వెచ్చబెట్టి, కప్పులో పోసి, దాని మీద కాఫీ మెల్లగా వంచండి. బాగా నల్లగా వేయించిన గింజల కాఫీలో ఆమ్లం తక్కువ, దాంతో ఇబ్బంది తగ్గుతుంది. ‘బరిస్టా’ అని రాసి ఉండే రకాల్లో ఆమ్లాన్ని అదుపు చేసే ఫాస్ఫేట్ లవణాలు, కాస్త నూనె కలుపుతారు, అందుకే విరగవు, నురగ కూడా వస్తుంది. కాఫీ వరకు నాకు నచ్చేది ఓట్స్ పాలే. చక్కెర కలపలేదని రాసి ఉన్నా తియ్యగా ఉంటాయేమిటని చాలామంది అడుగుతారు. తయారీలో ఎంజైములు ఓట్స్‌లోని పిండిపదార్థాన్ని విడగొట్టి మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తాయి. షుగర్ ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. మా ఇంట్లో రెండు డబ్బాలు ఉంటాయి: కాఫీకి ఓట్స్, అమ్మాయికి తాగడానికి సోయా.

పెరుగు కావాలంటే మళ్ళీ సోయానే. పులిసేటప్పుడు గడ్డకట్టేది ప్రోటీన్, అది సోయాలో ఉంది కాబట్టి తోడుకుంటుంది. ఓట్స్, బాదం పాలతో చేసే పెరుగులో ఆ చిక్కదనం చాలావరకు కలిపిన స్టార్చ్‌దే. వెన్నకి బదులు అమ్మే మొక్కల వెన్నల్లో, డబ్బాలో మెత్తగా ఉండే రకాలని బేకింగ్‌కి వాడకండి, వాటిలో నీళ్ళు ఎక్కువ. వెన్నలో కొవ్వు సుమారు 80 శాతం, కాబట్టి 100 గ్రాముల వెన్న రాసి ఉన్న చోట 80 గ్రాముల నూనె వేస్తే చాలా కేకులు బాగానే వస్తాయి. వెన్నని గిలకొట్టి గాలి పట్టించే వంటకాల్లో మాత్రం ఇది కుదరదు.

చీజ్ గురించి నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటుంది. చీజ్ సాగడానికి కారణం పాలలోని కేసీన్ అనే ప్రోటీన్. మొక్కల్లో అలాంటిది లేదు. అందుకని మొక్కల చీజ్ పేరుతో అమ్మేవాటిలో ఎక్కువ భాగం కొబ్బరి నూనె, స్టార్చ్, ఉప్పు. ప్రోటీన్ సున్నా అని రాసి ఉన్నవి చాలా చూశాను. కొబ్బరి నూనెలో సాచురేటెడ్ కొవ్వు 80 శాతం పైనే, వెన్న కంటే ఎక్కువ. కొలెస్ట్రాల్ కోసం చీజ్ మానేసి ఇది తినడంలో అర్థం లేదు. పిజ్జా మీద ఎప్పుడైనా పరవాలేదు. చీజ్ రుచి కావాలంటే నానబెట్టిన జీడిపప్పు, నిమ్మరసం, ఉప్పు, కొంచెం న్యూట్రిషనల్ ఈస్ట్ (చీజ్ లాంటి రుచినిచ్చే ఈస్ట్ పొడి) కలిపి రుబ్బండి. సాగదు, కానీ రుచిగా ఉంటుంది.

గుడ్ల దగ్గర అసలు చిక్కుంది. పాలకి బదులు పాలు పోసినట్టు గుడ్డుకి బదులు ఒక్కటే వస్తువు ఉండదు, ఎందుకంటే ఒకే గుడ్డు ఒక వంటలో పిండిని పట్టి ఉంచుతుంది, ఇంకో వంటలో పొంగిస్తుంది, మరో చోట నూనెనీ నీళ్ళనీ కలుపుతుంది, ఇంకెక్కడో తడి మాత్రమే ఇస్తుంది. మీ కేక్ రాలిపోయిందంటే పట్టు ఇచ్చేది లేదన్నమాట. అక్కడికి అవిసె గింజలు సరిపోతాయి. ఒక టేబుల్ స్పూన్ అవిసె పొడి, మూడు టేబుల్ స్పూన్ల నీళ్ళు కలిపి పది నిమిషాలు వదిలేస్తే జిగటగా అవుతుంది. అది ఒక గుడ్డుకి సమానం. గింజలని పొడి చేసే వాడండి. కుకీలు, మఫిన్లు, ముదురు రంగు కేకులకి ఇది బాగుంటుంది. తెల్లటి కేక్‌లో చుక్కలు కనిపిస్తాయి.

పొంగడం కావాలంటే ఒక టేబుల్ స్పూన్ వెనిగర్, ఒక టీ స్పూన్ వంట సోడా. ఆ రెండూ కలిసిన వెంటనే గ్యాస్ వస్తుంది కాబట్టి పిండి కలిపాక ఆలస్యం చేయకుండా ఓవెన్‌లో పెట్టేయాలి. తడి కోసమైతే పావు కప్పు అరటిపండు గుజ్జు గానీ యాపిల్ గుజ్జు గానీ చాలు. అరటిపండు రుచి మాత్రం దాగదు.

నురగ కావాల్సిన చోట శనగల నీళ్ళు వాడతారు. కాబూలీ శనగలు ఉడికించిన నీళ్ళు, లేదా డబ్బాలో వచ్చే చిక్కటి నీళ్ళు. గిలకొడితే తెల్లసొనలా నురగ కడతాయని 2014లో జోయెల్ రోసెల్ అనే ఫ్రెంచి గాయకుడు బయటపెట్టాడు. మరుసటి ఏడాది అమెరికాలో గూస్ వోల్ట్ అనే ఇంజినీరు ఆ నీళ్ళు, చక్కెర మాత్రమే వాడి మెరాంగ్ (మామూలుగా తెల్లసొన నురగతో చేసే తీపి) చేసి, దానికి ఆక్వాఫాబా అని పేరు పెట్టాడు. ఎవరూ లాబ్‌లో కూర్చుని కనిపెట్టింది కాదు, వంటింట్లో పారబోసే నీళ్ళు! రెండు టేబుల్ స్పూన్లు ఒక తెల్లసొనకి, మూడు టేబుల్ స్పూన్లు ఒక పూర్తి గుడ్డుకి. ఇంట్లో ఉడికించినవైతే నీళ్ళు పల్చగా ఉంటాయి, ఇంకాసేపు మరిగించి దగ్గరపడనిచ్చి, చల్లార్చాక గిలకొట్టండి. చిటికెడు క్రీమ్ ఆఫ్ టార్టార్ (బేకింగ్‌లో వాడే పుల్లటి పొడి) వేస్తే నురగ నిలబడుతుంది. గిన్నెకి నూనె జిడ్డు ఉంటే ఎంతసేపు తిప్పినా అంతే సంగతులు. ఇందులో ప్రోటీన్ మాత్రం పేరుకే ఉంటుంది, ఇది పూర్తిగా వంట కోసమే.

మయోనైజ్‌కి సోయా పాలు ఒక వంతు, నూనె రెండు వంతులు, కొంచెం వెనిగర్, ఉప్పు. చేతి బ్లెండర్‌తో అడుగు నుంచి పైకి తిప్పితే గట్టిపడుతుంది. ఇక్కడ బాదం పాలతో పని జరగదు, నూనెని పట్టి ఉంచే ప్రోటీన్, లెసిథిన్ సోయాలోనే కావాల్సినంత ఉంటాయి.

ఒంటి కోసం గుడ్డు తినేవాళ్ళకి వేరే లెక్క. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రోటీన్. 50 గ్రాముల గట్టి టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) చిదిమి పసుపు వేసి వేయిస్తే ఆ ప్రోటీన్ వచ్చేస్తుంది, దించేముందు చిటికెడు నల్ల ఉప్పు చల్లితే గుడ్డు వాసన కూడా. ఆ ఉప్పులో ఉండే గంధకపు సమ్మేళనాలే గుడ్డుకీ ఆ వాసన ఇస్తాయి. ఒక వంటకంలో ఒకటి రెండు గుడ్లు ఉంటే పైవన్నీ కుదురుతాయి. అరడజను గుడ్లు అడిగే స్పాంజ్ కేక్‌ని మార్చాలని చూడకండి. మొదటి నుంచీ గుడ్డు లేకుండానే రాసిన కేక్ తయారీ విధానం వెతుక్కోవడం మేలు.

మాంసానికి వస్తే, మీల్ మేకర్‌ని తక్కువ చూపు చూడకండి. సోయాలోంచి నూనె తీశాక మిగిలిన పిండిని వేడితో, ఒత్తిడితో యంత్రంలోంచి పంపించి చేస్తారు. పొడిగా ఉన్నప్పుడు 100 గ్రాములకి 50 గ్రాముల దాకా ప్రోటీన్. ఆ అంకె చూసి మురిసిపోవద్దు, నానాక బరువు రెండు మూడు రెట్లవుతుంది, కంచంలోకి వచ్చేటప్పటికి అంకె ఆ మేరకు పడిపోతుంది. వేడినీళ్ళలో నానబెట్టి, గట్టిగా పిండి, మసాలా నీళ్ళలో మళ్ళీ నానబెడితేనే లోపలికి రుచి వెళుతుంది. పిండకుండా వేస్తే పచ్చి సోయా వాసన కూరంతా పడుతుంది. కీమా చోట చిన్న గుళికల రకం వేస్తే చాలామంది తేడా పట్టలేరు.

టోఫు చప్పగా ఉందని తిట్టేవాళ్ళు ఒకసారి దాన్ని గడ్డకట్టించి, కరిగించి, నీళ్ళు పిండి వండాలి. లోపలి మంచు స్ఫటికాలు రంధ్రాలు చేస్తాయి, స్పాంజిలా రసం పీల్చుకుంటుంది. కాల్షియం సల్ఫేట్‌తో గడ్డకట్టించిన టోఫు అని రాసి ఉంటే అదే తీసుకోండి, కాల్షియం కూడా కలిసొస్తుంది. సోయా గింజలని పులియబెట్టి చేసే టెంపేలో 100 గ్రాములకి 19 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది, వాసన అందరికీ నచ్చదు, మావారికి ఇప్పటికీ పడదు. గోధుమ గ్లూటెన్‌తో చేసే సెయిటాన్ నమలడానికి మాంసానికి బాగా దగ్గరగా ఉంటుంది. దాన్లో లైసీన్ అనే ఎమైనో ఆమ్లం తక్కువ, పప్పు జాతి ఏదైనా రోజులో తింటే ఆ లోటు తీరుతుంది. గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం దాని జోలికి వెళ్ళకూడదు. పుట్టగొడుగులు రుచికే, ప్రోటీన్ కోసం లెక్కలోకి తీసుకోవద్దు.

రెడీమేడ్ బర్గర్ ప్యాటీల గురించి రెండు వైపులా అతి మాటలు వింటుంటాను. 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 36 మందికి ఎనిమిదేసి వారాలు మాంసం, మరో ఎనిమిదేసి వారాలు మొక్కల ప్యాటీలు పెట్టి చూశారు. మొక్కల ప్యాటీలు తిన్నప్పుడు చెడు కొలెస్ట్రాల్ తగ్గింది. నిధులు ఇచ్చింది ఆ ప్యాటీలు తయారుచేసే కంపెనీయే అన్నది కూడా పక్కన రాసిపెట్టుకోవాలి. నేను చూసేది ఉప్పు. పచ్చి మాంసంలో మనం వేసేదాకా ఉప్పు పెద్దగా ఉండదు, వీటిలో ముందే బాగా కలిపి ఉంటుంది. వీటిని చల్లారాక తింటే మెత్తగా, జావగా అనిపించడానికీ ఒక కారణం ఉంది. చాలావాటిలో వాడే మిథైల్ సెల్యులోజ్ అనే జిగురు పదార్థం వేడికి గట్టిపడి, చల్లారితే మళ్ళీ వదులవుతుంది. వేడివేడిగానే తినేయాలి.

ఏ ప్రత్యామ్నాయమూ నమ్మకంగా తీర్చలేని లోటు ఒకటుంది, విటమిన్ బి12. పెద్దవాళ్ళకి అమెరికాలో సిఫారసు చేసేది రోజుకి 2.4 మైక్రోగ్రాములు, అది మొక్కల ఆహారంలో ఆధారపడదగ్గ మోతాదులో దొరకదు. స్పిరులినాలో ఉందని ప్రచారం చేస్తారు గానీ దానిలో ఎక్కువగా ఉండేది మన శరీరం వాడుకోలేని రూపం. కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి లోటు కొన్నేళ్ళదాకా బయటపడదు, పడేసరికి నరాలు దెబ్బతినొచ్చు. మూడూ పూర్తిగా మానేస్తే మాత్ర తప్పదు, బాబుకి ఎంత ఇవ్వాలో పిల్లల డాక్టర్‌నే అడగండి. ఐరన్ విషయంలో చిన్న చిట్కా: పప్పు, టోఫు తినేటప్పుడు నిమ్మరసం పిండుకోండి, టీ కాఫీలు భోజనంతో పాటు కాకుండా కాస్త ఎడంగా తాగండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు ఇంట్లో ఉంటే దాన్ని సోయాతో కలిపి వేసుకోనివ్వద్దు, మందు ఒంటికి పట్టడం తగ్గుతుంది.

ఎలర్జీ ఉన్న ఇంటివాళ్ళు లేబుల్ ముందువైపు నమ్మొద్దు. లాక్టోజ్ లేని పాలు అంటే ఆవు పాలే, చక్కెర విడగొట్టారు అంతే. నాన్ డెయిరీ క్రీమర్ అని రాసిన పొడిలో సోడియం కేసినేట్ ఉండొచ్చు, అది పాల ప్రోటీన్. వెన్నకి బదులు అమ్మే కొన్ని మార్జరీన్లలో వే పౌడర్ ఉంటుంది, అదీ పాల నుంచి వచ్చేదే. శిలీంధ్రంతో చేసే క్వోర్న్ మాంసం కాదు కానీ దాని కొన్ని రకాల్లో తెల్లసొన ఉంటుంది. వేరుశనగ ఎలర్జీ ఉన్నవాళ్ళలో కొందరికి లూపిన్ (ఒక పప్పు జాతి గింజ), బఠాణీ ప్రోటీన్లు కూడా పడవు.

ఒకేసారా, ఒక్కోటా అంటే, ఒక్కోటే. ముందు ఎవరూ గమనించని చోట మొదలుపెట్టండి: బేకింగ్‌లో పాలు, కీమా వంటల్లో సగం మీల్ మేకర్, కుకీల్లో అవిసె. తర్వాత తాగే పాలు సోయాకి మార్చండి, బాబుకి మొదట్లో రుచి నచ్చకపోతే ఇప్పుడు తాగుతున్న పాలలోనే కొద్దికొద్దిగా కలుపుతూ వెళ్ళండి. చీజ్, ఆమ్లెట్ లాంటివి ఆఖరికి ఉంచండి. అక్కడ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, మొదటి వారమే దాంతో మొదలుపెడితే ఇంట్లోవాళ్ళు మిగతావి ముట్టుకోరు.